వంటశాలలోని సహోదరుడును, గోడ కట్టించిన అధిపతియు

పారిసు పట్టణమందలి ఒక మఠములో వంట చేసిన మనుష్యుని మాటలను క్రైస్తవ లోకము 300 సంవత్సరములకు పైగా చదువుచున్నది. ఆయన పండితుడు కాడు, ప్రసంగీకుడు కాడు, గురుపట్టము పొందినవాడును కాడు. ఆయనను సహోదరుడైన లారెన్సు అని పిలిచిరి. ఆయన సంభాషణలను, ఉత్తరములను కూర్చిన చిన్న పుస్తకమునకు "దేవుని సన్నిధి అభ్యాసము" అని పేరు. రోమను కథోలిక మఠములో పుట్టిన పుస్తకమైనను, అన్ని సంఘములవారును దానిని ప్రేమించి చదివిరి. మన పనిపాటలలో భక్తినిగూర్చి బోధించునప్పుడు బోధకులు దానిలోని వంటపాత్రల దృష్టాంతమును ఎత్తి చెప్పుట కలదు. కావున ఈ పుస్తకము పల్లె సంఘములలోని మనకు ఏమి ఇచ్చుచున్నదో, ఏమి ఇయ్యక విడిచిపెట్టుచున్నదో విచారించుట మేలు. అన్నిటిని పరీక్షింపవలెనని పౌలు థెస్సలొనీకయ సంఘమునకు నేర్పెను గదా.

ఈ లారెన్సు మొదటి పేరు నికోలాస్ హెర్మాన్. ఆయన 1614 ప్రాంతమున లొరేను దేశములో బీద కుటుంబమున జన్మించెను. యౌవనమున ముప్పదేండ్ల యుద్ధములో సైనికుడై గాయపడెను. పదునెనిమిదేండ్ల వయస్సున, చలికాలములో ఆకులు రాలిన ఒక చెట్టును చూచి, ఇది మరల చిగురించును గదా అని తలంచినప్పుడు దేవుని శక్తియు సంరక్షణయు ఆయన మనస్సున నాటుకొనెను. 1640లో పారిసులోని కర్మెలు సన్యాసుల మఠములో పనివాడైన సహోదరుడుగా చేరెను. ఆయనకు వంట పని స్వభావముచేత ఇష్టము లేనిది. అయినను ఇంచుమించు 15 ఏండ్లు ఆ వంటశాలలోనే యుండెను. తరువాత చెప్పులు బాగుచేయు పని చేసెను. 1691 ఫిబ్రవరి 12న మరణించెను. ఆయన మరణానంతరము జోసెఫ్ ద బోఫోర్ అను గురువు ఆయన మాటలను ప్రచురించెను.

ఈ పుస్తకమునందలి మేలు స్పష్టము. ప్రార్థనకు ఒక వేళ, పనికి మరియొక వేళ అని జీవితమును రెండుగా కోయకూడదని లారెన్సు నమ్మెను. మోకాళ్లూనిన వేళ ఏ దేవుని యెదుట నున్నాడో, పొయ్యి యొద్ద నిలిచిన వేళను ఆ దేవుని యెదుటనే యుండెను. నేలమీద పడిన గడ్డిపోచ ఎత్తుటయైనను దేవుని ప్రేమకొరకు చేసినయెడల అది ఆరాధనయే అని ఆయన తలంపు. పనివేళ ఆయన తొందరపడలేదనియు, కాలము గడుపుచు ఊరకుండలేదనియు, ఒక్కొక్క పనిని దాని సమయమున చేసెననియు గ్రంథకర్త సాక్ష్యమిచ్చుచున్నాడు. ఈ సాక్ష్యము ముఖ్యమైనది. భక్తి పేరుచెప్పి అన్నము మాడ్చినవాడు కాడు లారెన్సు.

నాట్లు వేయు సహోదరికి, గొడ్లు కాయువానికి, బట్టలు కుట్టువానికి ఇది గొప్ప ఆదరణ. నీవు పీఠము ఎక్కనక్కరలేదు. నీ చేతిలోని కొడవలియే నీ బలిపీఠము. మన సంఘములలో అనేకులు ఆదివారము మాత్రమే దేవునిదనియు, తక్కిన ఆరు దినములు కడుపుకొరకనియు తలంచుచున్నారు. అట్టివారికి ఈ వంటవాని మాట మంచి ఔషధము.

అయితే ఈ ఔషధము అన్ని రోగములకు చాలునా? చాలదు. దానికి మూడు కారణములు కలవు.

మొదటిది, లారెన్సు ఇతరుల ఆజ్ఞకు లోబడి పనిచేసినవాడు. కాలు కుంటిదైనను ఆయనను ద్రాక్షారసము కొనుటకు బర్గండీకి పంపిరి. పడవలోని పీపాలమీద దొర్లుచు పోవలసివచ్చెను. ఇది నీ కార్యమే ప్రభువా అని దేవునికి అప్పగించెను, కార్యము చక్కగా ముగిసెను. అది నిజమైన విశ్వాసమే. గాని నష్టము వచ్చినయెడల దానిని భరించుటకు ఆయన వెనుక మఠము కలదు. ఆయనకు భార్యాబిడ్డలు లేరు, అప్పులు లేవు, కూలివారును లేరు.

రెండవది, ఈ పుస్తకములో దేవుడును లారెన్సును ఎల్లప్పుడును కనబడుదురు గాని, పొరుగువాడు బహు తక్కువగా కనబడును. ఆ వంట తిన్నవారెవరు, ఆయన ప్రక్కన పాత్రలు తోమినవారెవరు, వారితో ఆయన ఎట్లు మాటలాడెను అని మనము అడిగినయెడల పుస్తకము తగినంత జవాబు చెప్పదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయము 23వ వచనములో, ఏమి చేసినను ప్రభువునిమిత్తమే చేయవలెనని పౌలు దాసులకు బోధించెను. లారెన్సు జీవితమంతయు ఆ వచనమునకు వ్యాఖ్యానము. గాని పౌలు అంతటితో కలము దించలేదు. వెంటనే నాలుగవ అధ్యాయము మొదటి వచనములో యజమానుల తట్టు తిరిగి, మీకును పరలోకమందు యజమానుడున్నాడు గనుక మీ పనివారికి న్యాయము చేయుడని హెచ్చరించెను. ఈ రెండవ వచనమునకు లారెన్సు పుస్తకములో వ్యాఖ్యానము లేదు. ఇది ఆయన నేరము కాదు. ఆయనకు అధికారమే లేదు. అయితే మొదటి వచనమును మాత్రమే బోధించి రెండవదానిని మరచిన సంఘములో ఏమి జరుగును? కూలివానికి ఓర్పు బోధింపబడును, కూలి ఇయ్యవలసినవానికి ఏమియు బోధింపబడదు. అప్పుడు మంచి పుస్తకమే బలవంతుని చేతిలో ఆయుధమగును.

కావున ఈ పుస్తకము ప్రక్కన మరియొక గ్రంథము నుంచి చదువుడని నా మనవి. అది నెహెమ్యా గ్రంథము.

నెహెమ్యాయు ఒక రాజగృహములో పాత్ర అందించిన సేవకుడే. అర్తహషస్త రాజు, నీకేమి కావలెనని అడిగినప్పుడు, ఆ ప్రశ్నకును తన జవాబునకును నడుమనున్న క్షణములో ఆయన దేవుని ప్రార్థించెను. ఇంతవరకు ఆయన లారెన్సుకు అన్నయే. గాని తరువాత ఆయన అధిపతి ఆయెను. ప్రార్థించి ఊరకుండక, రాత్రివేళ లేచి కూలిన గోడను తన కన్నులతో చూచెను. ఎవరి యింటియెదుట గోడను వారే కట్టునట్లు పని పంచెను. గోడ 52 దినములలో ముగిసెను.

అయినను ఆయన నమ్మకత్వమునకు గొప్ప పరీక్ష గోడ కాదు, అయిదవ అధ్యాయములోని బీదల మొర. కరవుచేత పొలములు కుదువపెట్టి, బిడ్డలను దాసులుగా అప్పగించినవారు ఆయన యెదుట ఏడ్చిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, సొంత జనులలోని పెద్దలే. నెహెమ్యా పనికి ఆటంకమని ఆ మొరను అణచలేదు. తనలో తాను ఆలోచించి, పెద్దలను సమాజము ముందర గద్దించి, పొలములను, వడ్డీని తిరిగి ఇప్పించెను. అంతేకాదు, అధిపతికి రావలసిన భోజన భత్యమును 12 ఏండ్లు తీసికొనలేదు. తనకు ముందున్న అధిపతులు జనులయొద్ద 40 తులముల వెండి తీసికొనిరని చెప్పి, దేవునికి భయపడి తాను అట్లు చేయలేదనెను. భూమియు కొనలేదు. గోడ కట్టువేళ భూమి చౌకగా దొరకునని తెలియని అమాయకుడు కాడు ఆయన!

మరియు పదుమూడవ అధ్యాయములో కొఠారులమీద ఒకనిని కాదు, యాజకుడు, శాస్త్రి, లేవీయుడు, వారికి సహాయకుడు అని నలుగురిని నియమించెను. నమ్మకస్థులని పేరు పొందినవారినే ఏర్పరచెను. అయినను ఒక్కని చేతికే తాళము ఇయ్యలేదు.

ఇచ్చట కొందరు సంఘ పెద్దలు ఒక ఆక్షేపణ చెప్పుదురు. రాజుల రెండవ గ్రంథము పండ్రెండవ అధ్యాయములో, మందిరము బాగుచేయించినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని వ్రాయబడలేదా? వ్రాయబడెను, అది 15వ వచనము. గాని అదే అధ్యాయము 10వ వచనము చూడుడి: పెట్టెలోని ద్రవ్యమును రాజు ప్రధాన శాస్త్రియు ప్రధాన యాజకుడును ఇద్దరును వచ్చి లెక్కించిరి. మొదట ఇద్దరు లెక్కించిన తరువాతనే పనివారి చేతికి ద్రవ్యము పోయెను. పౌలును యెరూషలేము బీదలకు చందా కొనిపోవునప్పుడు, నిందకు చోటు లేకుండ ఇతర సహోదరులను తోడు తీసికొనెను. అపొస్తలునికి అక్కరయైన జాగ్రత్త మన కోశాధికారికి అక్కరలేదా?

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ రెండు గ్రంథములను మన ఊరి త్రాసులో తూచి చూతము. పాల కేంద్రమునకు పాలు పోయు సహోదరి లారెన్సును చదువవలెను. ఆ పాలను కొలిచి పద్దు వ్రాయువాడు నెహెమ్యాను చదువవలెను. కలుపు తీయువాడు లారెన్సును చదువవలెను. సాయంకాలము కూలి ఇయ్యవలసిన రైతు నెహెమ్యాను, దానితోకూడ ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమును చదువవలెను. పొదుపు సంఘము నడుపు సహోదరియు, పంచాయతీలో గెలిచిన విశ్వాసియు, కోతపండుగ కానుకలు లెక్కించు పెద్దయు, గురువును రెంటిని చదువవలెను. ఏలయనగా మనలో బహుమంది ఒకచోట పనివారము, మరియొకచోట యజమానులము. పొలములో తలవంచినవాడే ఇంటిలో భార్యమీద అధికారము చేయుచున్నాడు.

లారెన్సు పుస్తకము మంచిదే, దానిని పారవేయకుడి. ఒంటరిగా కూర్చున్నప్పుడు హృదయమును సరిచేసికొనుటకు అది చాలును. అయితే నలుగురి ధనము, నలుగురి శ్రమ మన చేతిలోనికి వచ్చిన దినమున దేవుని సన్నిధిలో నున్నామని మనము తలంచుట మాత్రమే చాలదు. మన చేతిక్రింది వారికి ఆ సన్నిధి మన పద్దులలోను, మన కొలతలోను, మనమిచ్చు కూలిలోను కనబడవలెను. ఈ మాసమున మీ సంఘములో కానుకల లెక్క అందరి యెదుట చదువుడి. ఎవని కూలియైనను మీయొద్ద నిలిచియున్నయెడల, వచ్చు ఆదివారమునకు ముందే చెల్లించుడి. అటుతరువాత ప్రభువు బల్లయొద్దకు రండి. అట్టి నమ్మకత్వము పనివారికిని, పెద్దలకును ప్రభువు దయచేయును గాక.