ఆకలి – శిల్పం: ఒక పరిశీలన

ఆకలి అనగానే మన విమర్శకుడికి కరువూ, కూలీ, గంజీ గుర్తుకు వస్తాయి. అది న్యాయమే. కాని ఇంట్లో అన్నం వుండి కూడా తినకుండా శుష్కించిపోయే ఆడపిల్లలు వున్నారు, మగపిల్లలూ వున్నారు. 1874లో సర్ విలియం గల్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టాడు. ఆకలి లేకపోవటమని ఆ మొదటి మాటకు అర్థం. ఆ పేరే తప్పు. ఆకలి వుంటుంది, దాన్ని జయించటమే రోగికి ఘనకార్యంగా తోస్తుంది. ఇటువంటి యువజనుల చేత కథలూ, గేయాలూ, ఉత్తరాలూ రాయించి వారు కోలుకోవటానికి తోడ్పడే ప్రయత్నాలు జరుగుతున్నవి. వైద్యం సంగతి వైద్యులు చూసుకుంటారు. ఆ రచన ఎటువంటిదై వుండాలి అన్నది మాత్రం సాహిత్య ప్రశ్న గనుక నేను ఇందులో తలదూరుస్తున్నాను.

రాస్తే బాధ తీరుతుందని తేలిగ్గా అనేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. 1944లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టటానికి నిరాకరించినవాళ్లు వాళ్లు. ఆరు నెలలు అర్ధాకలితో వుంచేసరికి వాళ్ల మాటలూ, ఆలోచనలూ అన్నీ తిండి చుట్టూనే తిరిగాయి. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. పస్తున్న మెదడు చేత కలం పట్టిస్తే పస్తే రాస్తుంది. అందుచేత అన్నమూ, వైద్యమూ ముందు. కలం వాటికి తోడే గాని బదులు కాదు.

ఇక రచన సంగతి. 1998లో మార్యా హార్న్‌బాకర్ తన జబ్బు కథను ‘వేస్టెడ్’ అనే పుస్తకంగా రాసింది. పదునైన పుస్తకం, నిజాయితీకి లోటు లేదు. అయినా అందులోని బరువుల అంకెలనూ, తిండి వివరాలనూ కొందరు రోగులు హెచ్చరికగా గాక మార్గదర్శిగా చదువుకున్నారు. వున్నది వున్నట్లు రాయటమే యథార్థవాదమైతే ఆసుపత్రి చీటీ అన్నిటికన్నా గొప్ప రచన కావాలి! ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అన్న ప్రశ్న రచయితను వదలదు.

లూయీస్ గ్లిక్ విషయం ఇంతకన్నా లోతైనది. 2020లో నోబెల్ బహుమతి పొందిన ఈ అమెరికన్ కవయిత్రి హైస్కూలు వయస్సులోనే ఈ జబ్బున పడింది, చదువు ఆగింది, మనోవిశ్లేషణ చికిత్స ఏడేళ్లు సాగింది. 1980లో వచ్చిన ‘డిసెండింగ్ ఫిగర్’ సంపుటిలో ‘డెడికేషన్ టు హంగర్’ అనే కవిత వున్నది. శరీరాన్ని తరుక్కుంటూ పోయే కోరికా, పద్యంలో లోపమనేది మిగలకుండా చేయాలనే కోరికా ఒకే వేరు నుంచి పుట్టాయని అందులో ఆమె గుర్తుపట్టింది. నాకు తెలిసినంతలో ఏ విమర్శకుడూ శిల్పాన్ని ఇంత కఠినంగా నిలదీయలేదు.

ఎందుకంటే, యువ రచయితలకు మనం చెప్పే మొదటి పాఠం ఏమిటి? విశేషణాలు కొట్టెయ్యి, అనవసరమైన మాట ఒక్కటీ వుంచకు అని. మంచి పాఠమే. కాని తనలో వున్నదంతా అనవసరమే అనుకునే పదహారేళ్ల పిల్లకు ఈ పాఠం జబ్బు గొంతుతోనే వినపడుతుంది. ఆ పిల్ల బక్కచిక్కిన పద్యం తెస్తే “ఎంత పొదుపు!” అని మెచ్చుకున్న గురువు తెలియకుండానే జబ్బు పక్షాన నిలుస్తాడు. ఇక్కడ వాక్యం పొడుగైనా ఫరవాలేదు, వాగుడైనా నష్టం లేదు.

నయమైపోతే ఇక కవిత్వం రాయలేనేమోనని గ్లిక్ చికిత్స రోజుల్లో భయపడింది. లోకంలో దుఃఖానికి కొరత రాదులెమ్మన్న ధోరణిలో తనకు సమాధానం దొరికిందని తరువాత ఒక వ్యాసంలో చెప్పుకున్నది. 1968లో మొదటి సంపుటి వెలువడింది. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు రాసింది. రోగమే ప్రతిభకు తల్లి అని నమ్మే భావకవులు మనలోనూ వున్నారు. వారు ఈ జీవితాన్ని ఒకసారి పరికించాలి.

అయితే ఏం రాయించాలి? లండన్‌లో లూసీ సెర్పెల్, జానెట్ ట్రెజర్ ప్రభృతులు 1999లో ప్రకటించిన పరిశీలన నాకు నచ్చింది. రోగుల చేత వాళ్ల జబ్బుకే రెండు ఉత్తరాలు రాయించారు: మిత్రుడనుకుని ఒకటి, శత్రువనుకుని ఒకటి. నువ్వు నన్ను కాపాడుతున్నావన్న భావం మొదటి రకం ఉత్తరాల్లో బలంగా కనిపించింది. సాధారణంగా ఉపాధ్యాయుడు శత్రువుకు రాసే ఉత్తరం ఒక్కటే రాయిస్తాడు. పిల్ల వినయంగా నాలుగు నినాదాలు రాసిస్తుంది. నినాదాల కవిత్వం ఎంత పల్చనిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మిత్రుడికి రాసిన ఉత్తరంలో నిజమైన వైరుధ్యం వున్నది: దేని నుంచి కాపాడమని ఆ పిల్ల ఆకలిని ఆశ్రయించింది? ఇంట్లో తగవా, పరీక్షలా, వొంటి మీద పడే చూపులా? అక్కడ కలం ఒంటి మీద నుంచి లోకం మీదికి మళ్లుతుంది. ఆ ఉత్తరాన్ని దిద్దకుండా, మార్కులు వేయకుండా, ఆ తరువాత ఏమైందమ్మా అని అడిగి ఇంకో కాగితం చేతికివ్వగల గురువు కావాలి.