కెమెరా కొనేముందు గది చూడండి

“ఏ కెమెరా కొనమంటారండీ?” అని అడిగినవాళ్లకు మోడల్ పేరు చెప్పేముందు నేనింకో ప్రశ్న వేస్తాను. దాంతో ఏం తీద్దామని? కాకినాడ దగ్గరి మా ఉప్పాడలో ఈమధ్య తరచుగా వింటున్న జవాబు ఒకటుంది. ఇంట్లో అక్వేరియం పెట్టాం, ఆ చేపల్ని తియ్యాలి. పిల్లల్ని, పెద్దవాళ్లని తియ్యాలి. మొదటి డీఎస్ఎల్‌ఆర్ కొనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు. పెళ్లిళ్లకు తీసేవాళ్లు ఉన్నారు, సముద్రాన్ని తీసేవాళ్లూ ఉన్నారు. మన ఇంటి గదిని మనమే తీసుకోవాలి.

చేపలకొకటి, మనుషులకొకటి రెండు రకాల కెమెరాలు కావాలేమో అని చాలామంది సందేహం. అక్కర్లేదు. చేప నిలబడదు, చంటిపిల్లా నిలబడదు. రెండూ ఉండేది నాలుగు గోడల మధ్య, చాలీచాలని వెలుతురులో. పగటిపూట వాకిట్లో ఫోనే చక్కగా తీస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టాక అదే ఫోన్‌లో గప్పీ చేప తోక అలుక్కుపోతుంది, పాప చెయ్యి మసకబారుతుంది. ఫోన్‌లో సెన్సర్ గోరంత. డీఎస్ఎల్‌ఆర్‌లో అది సుమారు 23 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు. మనం డబ్బు పెట్టి కొంటున్నది ముఖ్యంగా వెలుతురు పట్టే ఆ జాగానే. అందుకే దుకాణానికి వెళ్లేముందు, రాత్రి ఏడున్నరకి మీ ముందుగదిలో నిలబడి ఎంత వెలుగుందో ఒకసారి చూడండి. కెమెరా ఎంపిక అక్కడ మొదలవుతుంది.

ఆ వెలుగును లోపలికి తెచ్చేది లెన్స్. బాడీతోపాటు పెట్టెలో వచ్చే 18-55 లెన్స్ మంచిదే. కాని 55 దగ్గర దాని అపర్చర్ ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు తెస్తుంది. లెక్క చూడండి. ఈదే చేప కదలిక ఆగాలంటే షట్టర్ సెకనులో 125వ వంతైనా ఉండాలి. చురుకైన గప్పీలకి, టెట్రాలకి 250వ వంతు. ఆ వేగంలో బాడీతో వచ్చిన ఈ కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 6400 అడిగే గది, ఎఫ్ 1.8 లెన్స్‌తో 640 చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. మొదటి బొమ్మలో పొలుసులన్నీ రేణువులు రేణువులుగా పగిలిపోతాయి. రెండో దాంట్లో పొలుసు అంచున మెరుపు కూడా నిలుస్తుంది. కాబట్టి నా సలహా ఒక్కటే. బాడీ మీద ఒక మెట్టు తగ్గండి, ఆ మిగిలిన డబ్బుతో రెండో లెన్స్ కొనండి.

ఏ లెన్స్ అన్నది కూడా గదే చెబుతుంది. కానన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 చవక, మంచి పేరున్నది. నలుగురు పక్కపక్కన నిలబడితే ఏడడుగుల పైచిలుకు వెడల్పు. వాళ్లందరూ ఈ లెన్స్‌లో పట్టాలంటే కెమెరా పట్టుకున్న మనిషి సుమారు 16 అడుగులు వెనక్కి వెళ్లాలి. మా ఊరి ముందుగదుల్లో చాలావాటికి అంత పొడవు లేదు. నికాన్ 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ అయితే 11 అడుగులు చాలు. కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెడితే ఆరడుగులు. అందుకే చిన్న గదికి 35 నా మొదటి ఎంపిక. కానన్ వాళ్లకు 24 ఎంఎం ఎఫ్ 2.8 అనే పల్చటి లెన్స్ ఉంది, వెలుతురు కాస్త తగ్గినా గదికి సరిపోతుంది. మొహాలు దగ్గరగా తీయడానికైతే 50 ఎంఎం చాలా బాగుంటుంది. కిట్ లెన్స్‌ని మాత్రం అమ్మేయకండి. దాని అవసరం తర్వాత చెబుతాను.

ఇక అక్వేరియం. మొదట అద్దం లోపలా బయటా తుడవండి. మనకు కనపడని వేలిముద్రని కెమెరా చూస్తుంది. గదిలో లైట్లు ఆర్పి, తొట్టి లైటు ఒక్కటే ఉంచండి. అద్దంలో మన చొక్కా కనిపించడం సగం తగ్గిపోతుంది. లెన్స్‌కి మెత్తటి రబ్బరు హుడ్ తొడిగి అద్దానికి ఆనించగలిగితే మిగతా సగమూ పోతుంది. కెమెరాని అద్దానికి తిన్నగా పట్టండి. ఏటవాలుగా చూస్తే అద్దంలోనూ నీటిలోనూ కాంతి వంగి, చేప అంచులు రంగురంగులుగా చీలి మసకబారతాయి. ఇందులో ఎంత ఖరీదైన లెన్సూ మనకు సాయం చేయదు. నాలుగు నిమిషాలు బుడగల మోటారు ఆపితే నీరు తేటపడుతుంది. పూర్తయ్యాక మరిచిపోకుండా వెయ్యాలి.

కెమెరా నెత్తిమీదున్న ఫ్లాష్ వాడొద్దు. అది అద్దానికి కొట్టుకుని తిరిగి మన లెన్స్‌లోకే వస్తుంది. వెలుగు పైనుంచి రావాలి, చెరువులో, సముద్రంలో చేపకు వచ్చినట్టే. 1926లో ఫ్లోరిడా తీరంలో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ నీటి అడుగున తొలి కలర్ ఫోటో తీసినప్పుడు చేసిందీ అదే. నీటిపైన తెప్ప మీద మెగ్నీషియం పొడి మండించి, ఆ వెలుగులో కింద ఈదే చేపను పట్టారు. మనకు అంత ప్రమాదం అక్కర్లేదు. తొట్టి మూత మీద ఇంకో ఎల్‌ఈడీ దీపం నీళ్లు తగలకుండా పెడితే చాలు. అయితే చవక ఎల్‌ఈడీలు కొన్ని మన 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, షట్టర్ వేగం పెంచితే ఫోటోలో అడ్డచారలుగా తేలుతుంది. అలాంటప్పుడు సెకనులో వందో వంతుకి దిగి, చేప మలుపు తిరిగి ఒక క్షణం నిలిచే చోటు కోసం కాచుకోవాలి.

ఆ కాచుకోవడమే ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. ఏంజెల్ ఫిష్‌కి ఒక దారి ఉంటుంది, ఫైటర్‌కి తనదైన మూల ఉంటుంది. ఆ చోటికి ముందే ఫోకస్ చేసి ఉంచి, చేప వచ్చి అద్దానికి పక్కగా తిరిగినప్పుడు నొక్కాలి. పక్కగా ఉంటే కన్నూ తోకా ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి అపర్చర్ బాగా తెరిచినా మొత్తం చేప స్పష్టంగా వస్తుంది. ఎదురుగా వస్తే కన్ను ఒక్కటే తేలుతుంది. అలా కొన్ని సాయంత్రాలు చేపల దగ్గర గడిపినవాళ్లకు పిల్లలు ఎప్పుడు తలెత్తుతారో, తాతగారు ఎప్పుడు నవ్వుతారో ముందే తెలుస్తుంది. చేపలు నేర్పేది మనుషులకు పనికొస్తుంది.

మనుషుల్ని తీయడానికి మా ఊరి నేత ఇళ్లంత మంచి స్టూడియో నేనెక్కడా చూడలేదు. గుంట మగ్గం దగ్గర ఒక పక్క కిటికీ, రెండో పక్క నీడ. మొహం మీద వెలుగు ఒక వైపునుంచే మెల్లగా తిరుగుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ చీర ఆ వెలుగులో పుడుతుంది. పువ్వు పువ్వుకీ చేత్తో పోగు చేర్చి నేస్తారు. చీర ఏ వైపు తిప్పినా పువ్వు ఒక్కలాగే కనిపిస్తుంది. ఆ చీర కట్టుకున్న అమ్మని తీసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి. కెమెరా మీటర్ ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిద వెలుగుకి లాగుతుంది. తెల్లటి చీరని తెల్లగా ఉండనివ్వదు, మాపేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ప్లస్ వైపు ఒక మెట్టు జరిపితే చీర తేరుకుంటుంది. నల్లటి వెనుకతలం ముందు ఈదే బంగారు చేప విషయంలో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ మైనస్ వైపు జరపాలి. లేకపోతే చేప ఒంటిమీద వెలుగు కాలిపోతుంది.

కిట్ లెన్స్ దాచమన్నది ఇందుకు. ఉప్పాడలో కుటుంబం ఫోటో అంటే మనుషులు మాత్రమే కాదు, ఇల్లు కూడా. మా ఊరిని సముద్రం ఏళ్ల తరబడి కోస్తోంది. జియోట్యూబులు వేశారు, రాళ్లు పోశారు, అలలు ఆగలేదు. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి, వీధులకు వీధులే లోపలికి వెళ్లాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగుతుంది. పెద్దవాళ్లు వేలు చూపించి “మా అరుగు అదిగో అక్కడుండేది” అంటే, అక్కడ నీళ్లే. ఆ అరుగు మీద కూర్చున్న ఫోటో ఎన్ని ఇళ్లలో ఉందో అడిగి చూడండి. పాతకాలపు ఫోటోల్లో మనుషులు స్టూడియో తెర ముందు ఉన్నారు, ఇల్లు లేదు. అందుకని మొహాలు దగ్గరగా తీసినన్ని ఫోటోలు, కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి గుమ్మం, వాకిలి, మగ్గం గుంట, పెరట్లో కొబ్బరిచెట్టు కూడా పట్టేలా తీయండి. వెనుకతలం మసకబారడం ఈరోజు ఫ్యాషన్ కావచ్చు. మా ఊళ్లో వెనుకతలమే ముందు పోతుంది.

ఇప్పుడు బాడీ సంగతి. పెద్ద కంపెనీలు కొత్త మోడళ్లన్నీ మిర్రర్‌లెస్‌లో తెస్తున్నాయి. స్టూడియోల వాళ్లు అటు మారేకొద్దీ మంచి డీఎస్ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్ బజారుకి వస్తున్నాయి. నేర్చుకునేవాళ్లకు ఇది కలిసొచ్చిన కాలం. 2018లో వచ్చిన నికాన్ డీ3500 తేలిక, బ్యాటరీతో కలిపి 415 గ్రాములే, ఒకసారి ఛార్జ్ చేస్తే కంపెనీ లెక్కన 1550 ఫోటోలు. దాని స్క్రీన్ మాత్రం కదలదు. తొట్టి అడుగునున్న చేప ఎత్తుకో, పాకే పాప ఎత్తుకో వంగలేనివాళ్లకు తిరిగే స్క్రీన్ ఉన్న నికాన్ డీ5600 గాని, 2019 నాటి కానన్ 200డీ మార్క్ 2 గాని నయం. కానన్ 200డీ మార్క్ 2 స్క్రీన్ మీద చూస్తూ తీసినా త్వరగా ఫోకస్ చేస్తుంది, కన్ను వెతికి పట్టుకుంటుంది. నికాన్ డీ3000, డీ5000 శ్రేణుల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. ఏఎఫ్-ఎస్ లాగా సొంత మోటారున్న లెన్సులే వాటి మీద ఆటోఫోకస్ చేస్తాయి. పాత ఏఎఫ్-డీ లెన్స్ చవకని కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. పెళ్లిళ్లలో తిరిగిన బాడీ అయితే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. ఈ తరగతి కెమెరాల షట్టర్ సుమారు లక్షసార్లకు పరీక్షించినది. లెన్స్‌ని దీపానికి ఎదురుగా పట్టి లోపల సాలెగూడులాంటి పోగులున్నాయేమో చూడండి. ఉంటే అది బూజు. ఎంత చవకైనా వద్దు.

ఆ బూజే మన తీరంలో అసలు శత్రువు. గోదావరి జిల్లాల ఉక్కకి ఉప్పుగాలి తోడైతే, తోలుసంచిలో పెట్టి బీరువాలో దాచిన లెన్స్ ఒక్క వర్షాకాలానికే పాడవుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటర్ పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున లెన్స్ మార్చవద్దు. ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. అన్నిటికంటే మంచి మందు, కెమెరాని తరచుగా బయటికి తీసి వాడటం.

తీసిన ఫోటోలు రెండుచోట్ల ఉండాలి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, రెండోది ఒడ్డుకి దూరంగా, సామర్లకోటలోనో రాజమండ్రిలోనో ఉండే అక్కయ్య ఇంట్లోనో బాబాయి ఇంట్లోనో. ముఖ్యమైనవి కాగితం మీద ప్రింటు వేయించి, వెనక పేర్లు, తేదీ రాసి పెట్టండి. కెమెరా ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఒక పని చేయండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లెవరో వాళ్లని, వాళ్లు రోజూ కూర్చునే గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఇల్లంతా కనపడేలా తీయండి. ఫోకస్ కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు. చేపల దగ్గర ఆ పాఠం తీరిగ్గా నేర్చుకోవచ్చు.