సెలవు ఉంది, బొమ్మ లేదు

మదనపల్లెలో ఒక ప్రైమరీ బడి. మూడో తరగతి గది. గోడకు అడ్డంగా దారం కట్టి పిల్లలేసిన బొమ్మలు వరసగా తగిలించారు. పైన అట్టముక్క మీద 'మా ఇంటి పండగ' అని రంగు అక్షరాలు. మేం ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోయాం. ముగ్గులు, గొబ్బెమ్మలు, గాలిపటాలు, కొమ్ములకు రంగులేసిన ఎద్దులు, దీపాల వరసలు, పందిట్లో వినాయకుడు. కింద రాసిన పేర్లు చదివితే ఆరేడుగురు మా పిల్లలు. వాళ్లలో ఒక్కరు కూడా తమ ఇంటి పండగ వేయలేదు. ముగ్గు వేసిన పాపను దగ్గరకు పిలిచి అడిగాం.

"మీ ఇంటి ముందర ముగ్గేస్తారామ్మా?"

"లేదు సార్."

"మరి ఇదెందుకు వేశావు?"

"టీచరు పండగ బొమ్మ వెయ్యమనింది. పండగ బొమ్మంటే ఇదే కదా సార్!"

ఆ పాప అబద్ధం చెప్పలేదు. భయపడీ వేయలేదు. టీచరమ్మ చెడ్డది కాదు. అంతమంది పిల్లల చేత రంగులు పట్టించే ఓపిక ఉన్న మనిషి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అయినా ఎనిమిదేళ్లకే ఆ పాపకు ఒక పాఠం వచ్చేసింది. ఇంట్లో జరిగే పండగ వేరు, బడిలో గీసే పండగ వేరు. ఈ పాఠం ఏ వాచకంలోనూ లేదు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. అందుకే పట్టుకోవాలి కూడా.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. ఆ తర్వాత కథల్లోకి మా ఇళ్లు, మా వంటిళ్లు, మా అమ్మీల మాటలు వచ్చాయి. పెద్దల పుస్తకాల్లోకి ఇంత పోరాడి వచ్చిన మా ఇల్లు, పిల్లల డ్రాయింగు కాగితం మీదికి ఇంకా రాలేదు. కవిత్వాన్ని, కథను చదివినంత శ్రద్ధగా మన విమర్శ బడిగోడను చదవలేదు. మేం ఇక్కడ చదవబోయేది ఆ గోడనే.

మొదట ఒక అపోహ తీసేయాలి. మేం ముగ్గుకు వ్యతిరేకం కాదు. సంక్రాంతి పంట చేతికొచ్చిన పండగ. కౌలుకు చేసే రైతు ముస్లిమైతే పంట సంబరం తగ్గుతుందా? చుక్కలు లెక్కపెట్టి ముగ్గు కలపడం నేర్చుకుంటే మా పాప చేతికి ఒక విద్య వస్తుంది. రానివ్వండి. మా తగాదా ముగ్గుతో కాదు, ముగ్గు ఒక్కటే 'పండగ' అయిపోవడంతో. మెజారిటీ పండగకు విశేషణం అక్కర్లేదు, పండగ అంటే చాలు. మాది మాత్రం 'ముస్లింల పండగ'. సర్కారు క్యాలెండరులో రంజాన్ ఉంది, బక్రీద్ ఉంది, మొహర్రం ఉంది, మిలాదున్నబీ ఉంది. సంక్రాంతి సెలవులకు ముందు చాలా బడుల్లో ముగ్గుల పోటీ పెడతారు. రంజాన్‌కు ముందు రోజు 'రేపు సెలవు' అని బోర్డు మీద రాస్తారు. మాకు సెలవు ఉంది, బొమ్మ లేదు.

కొందరు మంచి టీచర్లు ఈ లోటు గమనించి బొమ్మ పెడతారు. ఆ బొమ్మ ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. ఒక నెలవంక, ఒక పచ్చ గుమ్మటం, టోపీ గడ్డం ఉన్న మనిషి. పక్కన నామం పెట్టుకున్న మనిషి, సిలువ వేసుకున్న మనిషి, తలపాగా మనిషి. నలుగురూ చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆగస్టు 15న అదే బొమ్మ స్టేజీ ఎక్కుతుంది. మా పిల్లవాడికి ఎక్కడినుంచో షేర్వానీ తెచ్చి తొడుగుతారు. వాడి అబ్బా మెకానిక్ షెడ్డులో గ్రీజు పూసుకున్న చొక్కాతో ఉంటాడు. వాడు తన జన్మలో షేర్వానీ చూడలేదు. తన వేషం తానే వేసుకోవాల్సి రావడం కన్నా వింత ఇంకేముంది?

ఇది మన దేశపు జబ్బు ఒక్కటే కాదు. అమెరికాలో లూయీస్ డెర్మన్ స్పార్క్స్ అనే విద్యావేత్త 1989లోనే చిన్నపిల్లల బడుల గురించి రాస్తూ దీన్ని టూరిస్టు చదువు అన్నారు. ఏడాదికి ఒక రోజు ఒక జాతి పండగకు పోయి, వాళ్ల తిండి రుచి చూసి, వాళ్ల టోపీ పెట్టుకుని తిరిగి వచ్చేయడం. మిగతా రోజులన్నీ గది మళ్లీ మామూలుగా మెజారిటీదే. 1990లో రూడీన్ సిమ్స్ బిషప్ అనే నల్లజాతి పండితురాలు పిల్లల పుస్తకాలు కొందరికి అద్దాలుగా, కొందరికి కిటికీలుగా ఉంటాయన్నారు. పిల్లలందరికీ రెండూ కావాలన్నారు. ఈ మాటతో మా గోడను చూడండి. మా పాపకు ఎటు చూసినా కిటికీలే. అద్దం లేదు. పక్కన కూచున్న హిందూ పాపకు అన్నీ అద్దాలే. మా ఇంట్లోకి చూసే కిటికీ ఒక్కటి కూడా ఆమెకు లేదు. నష్టం ఇద్దరికీ జరిగింది.

ఈ చర్చకు మదనపల్లె కంటే తగిన ఊరు లేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అతిథి ఆయన. 'జనగణమన'ను ఇంగ్లీషులోకి ఇక్కడే తెచ్చారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం రాసుకున్నారు. ఊరంతా దీన్ని గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిందే. అయితే ఆ పాటకు అయిదు చరణాలున్నాయి. రెండో చరణంలో హిందువుల పేరుతోపాటు ముసల్మానుల పేరు, బౌద్ధుల, సిక్కుల, జైనుల, పారశీకుల, క్రైస్తవుల పేర్లు వస్తాయి. 1950లో జాతీయగీతంగా తీసుకున్నది మొదటి చరణాన్నే. మొదటి చరణంలో రాష్ట్రాలు, కొండలు, నదులు ఉన్నాయి. మనుషుల మతాలు రెండో చరణంలో ఉండిపోయాయి. పాట పుట్టిన కాలంలో ఉన్న ఆ పేర్లు రోజూ పాడే పిల్లల నోటికి రావు. దీన్ని మేం ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఈ ఊరి బడిలో ఒక రోజు ఆ రెండో చరణం అర్థం చెప్పి బొమ్మలు వేయించవచ్చు కదా అంటున్నాం.

అదే టాగోర్ తన శాంతినికేతన్‌లో బడి పండగల్ని ఎక్కువగా రుతువుల చుట్టూ కట్టారు. వానకు ఒక ఉత్సవం, వసంతానికి ఒక ఉత్సవం. 1928లో మొక్క నాటడాన్నే పండగ చేశారు. నందలాల్ బోస్ వంటి చిత్రకారులు వాటికి నేల మీద అలంకారాలు వేయించారు. పండగను బడి కూడా తయారుచేయగలదని దీన్నుంచి నేర్చుకోవచ్చు. కానీ ఇక్కడే ఆగిపోతే చాలదు. వానపండగ అందరిదీ కాబట్టి ఇళ్ల పండగలన్నీ బయటే పెట్టండి అంటే మాకు అంగీకారం కాదు. ఇంటిని గుమ్మం బయట వదిలి రమ్మనే సెక్యులరిజం మళ్లీ మా పాపకు పాత పాఠమే చెబుతుంది.

చట్టం సంగతి కూడా చూద్దాం. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. సర్కారు గుర్తింపు, సాయం ఉన్న బడుల్లోనూ తల్లిదండ్రుల అంగీకారం లేకుండా పిల్లల్ని ఆరాధనలో కూచోబెట్టకూడదు. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతబోధన వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఈ గీత డ్రాయింగు పీరియడ్‌లోనూ ఉంది. పర్యావరణం పేరుతో మట్టి వినాయకుణ్ని చేయించడం ఇప్పుడు మామూలైంది. మట్టి పిసకడం మంచి పనే. చేసిన బొమ్మకు హారతిచ్చి క్లాసంతటి చేతా దండం పెట్టించారా, అది ఇక డ్రాయింగు పీరియడ్ కాదు. ఇదే గీత మాకూ వర్తిస్తుంది. మావాళ్లు నడిపే బడిలో హిందూ పిల్లలుంటే, మిలాద్ నాడు వాళ్ల చేత నాత్ పాడించే హక్కు మాకూ లేదు.

మరి ఏం చేయాలి? పుంగనూరులో ఒక బడిలో చూసిన సంగతి చెబుతాం. ఆ ఊళ్లో సుగుటూరు గంగమ్మ జాతర పెద్దది. ఊరంతా కదులుతుంది. జాతర అయిన తర్వాత ఆ అయ్యవారు 'అమ్మవారి బొమ్మ వేయండి' అనలేదు. 'జాతర రోజు నువ్వెక్కడున్నావో అది వెయ్యి' అన్నాడు. ప్రశ్న మారేసరికి బొమ్మలు మారిపోయాయి. ఒకమ్మాయి వంటింట్లో పొయ్యి దగ్గర అమ్మను వేసింది. ఒకడు డప్పు వేశాడు. మా పిల్లవాడొకడు బొమ్మలబండి వేశాడు. వాడి అబ్బా జాతరలో బండి పెట్టుకుంటాడు. ఆ బొమ్మలో అమ్మవారు లేదు, ఊరేగింపు లేదు. బండి వెనక నిలబడి చూస్తే కనిపించే చేతులు మాత్రం ఉన్నాయి. బుడగ కోసం చాచిన చేతులు, చిల్లర ఇస్తున్న చేతులు. క్లాసులో ఇద్దరు ముగ్గురు 'ఆ బండి నేను చూసినా' అని అరిచారు. వాడు పూజ చేయలేదు, జాతరకు పరాయివాడూ కాలేదు. గాజుల మలారం ఎత్తుకుని జాతరలు తిరిగే మావాళ్లకు ఊరి పండగలో ఉండే చోటు అదే. నలుగురు మతాలవాళ్లు చేతులు పట్టుకున్న పోస్టరు చెప్పలేనిది ఆ బండిబొమ్మ చెప్పింది.

మా ఇంటి లోపలి సంగతీ దాచం. 'బొమ్మలేయడం హరామ్, పిల్లను డ్రాయింగుకు కూచోబెట్టొద్దు' అనే పెద్దలు మాలో ఉన్నారు. ప్రాణుల బొమ్మల మీద ఉలేమాల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. సరే, ప్రాణుల్ని వేయొద్దనే ఇల్లయితే వేయకండి. చాంద్‌రాత్ నాడు అక్కల చేతుల మీది మెహందీ ఉంది. మసీదు జాలీలో నక్షత్రాల అల్లిక ఉంది. దస్తర్‌ఖాన్ మీద షీర్‌ఖుర్మా గిన్నెల వరస ఉంది. మా కాతిబ్‌ల అక్షరం ఉంది. బొమ్మ వద్దన్న చేతులే అక్షరాన్నీ అల్లికనూ ప్రపంచానికిచ్చాయి. వాటిని పిల్లలకు అందనివ్వకుండా చేసి, ఆ తర్వాత బడిలో మా గుర్తు లేదని ఏడవడం న్యాయం కాదు.

ఇంకో మాట. పీర్ల పండగను చిన్నచూపు చూసేవాళ్లు మాలో పెరిగారు. అది మా మతంలో లేదంటారు. వాళ్ల నమ్మకం వాళ్లది. కానీ సీమలో మేమూ హిందువులూ కలిసి మోసిన పండగ అది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పీరుకు మొక్కేవాళ్లలో హిందువులు ఎందరో. ఆ గూగూడు మీద అఫ్సర్ పరిశోధన 2013లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. పంజా, అగ్నిగుండం, పులివేషం. పిల్లల చేత ముఖోటాలు చేయించడానికి పులివేషం కన్నా ఏం కావాలి? పైగా మొహర్రం కర్బలా అమరుల తలపు. తెలుగులో దాన్నీ పండగే అన్నారు. పండగంటే ఆనందం ఒక్కటే కాదు, దుఃఖాన్ని కలిసి మోయడం కూడా అని పిల్లలకు చెప్పే అవకాశం ఇంత దగ్గర్లో ఉంది.

పేదరికం సంగతి కూడా టీచరు తెలుసుకోవాలి. 'పండగకు కొన్న కొత్తబట్టలు వేయండి' అంటే, బట్టలు కొనని ఇంటి పిల్ల పక్కమ్మాయి గౌను కాపీ కొడుతుంది. ఇది అన్ని మతాల పేదపిల్లల బాధ. 'పండగ రోజు మీ ఇంట్లో ఎవరు ముందు లేస్తారు?' అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు లేని ఇల్లుండదు.

మదనపల్లె పక్కనే రిషీవ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపి చూపించారు. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు. వాచకం బదులు కార్డులు, ఒక నిచ్చెన. ఎవరు ఏ మెట్టు మీద ఉంటే అక్కడినుంచే చదువు. ఆ పద్ధతి చాలా రాష్ట్రాలకు పోయింది. లెక్కల్లో ప్రతి పిల్లా తన మెట్టు నుంచి ఎక్కొచ్చని ఒప్పుకున్నవాళ్లం, పండగలో మాత్రం అందరూ ఒకే మెట్టు మీద నిలబడాలని ఎందుకంటున్నాం?

కుప్పంలో ఈ పని ఇంకా సులువు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడే పెట్టారు. ఒకే బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం, మా దక్కనీ వినిపిస్తాయి. ఒకడికి సంక్రాంతి, పక్కవాడికి పొంగల్. పండగకు ఒకే పేరు, ఒకే బొమ్మ ఉండవని అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసిన ఆ సంగతిని బడి మరిపించకుండా ఉంటే చాలు.

టీచర్లకు మా మనవి చిన్నది. మా పిల్లవాణ్ని లేపి 'మీ పండగ గురించి చెప్పరా' అని ఇస్లాం మొత్తానికి జవాబుదారీ చేయకండి. వాడికి తెలిసింది వాడి ఇల్లే. బొమ్మకు మార్కులు వేయకండి. ఏది పండగో మీరు ముందే బోర్డు మీద గీయకండి. సంక్రాంతికి వేయించినంత శ్రద్ధగా ఈద్ తర్వాతి రోజు కూడా ఒక పీరియడ్ ఇవ్వండి, అందరికీ ఇవ్వండి.

మదనపల్లె పాపకు ఆ రోజు మేం ఇంకో కాగితం ఇచ్చి వచ్చాం. మళ్లీ వెళ్లినప్పుడు చూపించింది. పొద్దున్నే నమాజుకు పోయే అబ్బా చొక్కాకు ఇస్త్రీ చేస్తున్న అమ్మీని వేసింది. ఇస్త్రీపెట్టెకు ఎర్రరంగు నిండా పూసింది. 'ఇది పండగ బొమ్మేనా సార్?' అని అడిగింది. అవునని మేం చెప్పాం. ఆ మాట మేం చెబితే చాలదు. బడి చెప్పాలి.