మందుకు ముందు నిదానం
ఒక మత్స్యవైద్య గ్రంథ సమీక్ష

ఉప్పునీటి చేపలను గాజు తొట్టెలో పెంచటం చూడటానికి వినోదమే కాని, చేయటానికి కష్టమైన పని. పగడపు దిబ్బల వద్ద పట్టిన చేపను సంచిలో పెట్టి ఊళ్ళు దాటించి తొట్టెలో వదలినపుడు, దాని వెంట దాని పరాన్నజీవులు కూడా వస్తవి. సముద్రంలో పరాన్నజీవి పిల్లలలో చాలావరకు ఆశ్రయం దొరకక నశిస్తవి. నాలుగు గాజు పలకల నడుమ చేప తప్పించుకొని పోయే చోటు లేదు. అందుచేత సముద్రంలో కొద్దిపాటి బాధగా ఉన్నది తొట్టెలో కొద్ది రోజులలోనే మారకమవుతుంది.

ఇట్టి సమయంలో తొట్టె యజమాని చేసే మొదటి పని మందు వెతకటం. అది పొరపాటని శాస్త్రీయంగా నిరూపించే గ్రంథం ఎడ్వర్డ్ జె. నోగా రచించిన ‘ఫిష్ డిసీజ్: డయాగ్నోసిస్ అండ్ ట్రీట్‌మెంట్’. రచయిత అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయ పశువైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేసినవారు. గ్రంథం 1996లో వెలువడినది. రెండవ కూర్పు 2010లో వచ్చినది. మంచినీటి చేపలూ, ఉప్పునీటి చేపలూ, అలంకారపు చేపలూ, ఆహారపు చేపలూ అన్నీ ఇందులో ఉన్నవి.

ఈ గ్రంథం యొక్క ప్రధాన గుణం దాని అమరిక. ఇందులో వ్యాధులను కారకజీవుల వర్గీకరణ ననుసరించి గాక, వాటిని గుర్తించే పరీక్షల ననుసరించి వరుస సంఖ్యలతో ‘సమస్యలు’గా అమర్చినారు. నీటి పరీక్షతో తేలేవి ముందు. చర్మమూ మొప్పలూ పరిశీలిస్తే తేలేవి తరువాత. ప్రయోగశాల అవసరమైనవి ఆ పిమ్మట. ఈ వరుసలోనే ఒక పాఠం ఉన్నది. చేప నీటిపైకి వచ్చి నోరు తెరచి రొప్పుతున్నదనుకొందాం. అది పరాన్నజీవి వల్ల కావచ్చు. ప్రాణవాయువు చాలకా కావచ్చు. కొత్త తొట్టెలో అమోనియా పేరుకొన్నందువల్లనూ కావచ్చు. అమోనియా బాధకు పరాన్నజీవి మందు వేస్తే రోగికి రెండవ విషం ఇచ్చినట్లే.

ఈ పద్ధతి విలువ తెలియటానికి ఉప్పునీటి తొట్టెలలో తరచు కనిపించే రెండు వ్యాధులను పోల్చి చూస్తే చాలు. మొదటిది ‘క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్’ అనే శైలికాజీవి తెచ్చే తెల్లమచ్చల జబ్బు. ఈ జీవికి 1951లో బ్రౌన్ ఆ పేరు పెట్టినారు. రెండవది ‘అమైలుడినియం ఒసెల్లేటం’ అనే కశాభజీవి తెచ్చే మఖమలు జబ్బు. దీనిని కూడా బ్రౌనే 1931లో వర్ణించినారు. మొదటిది చర్మపు పైపొర క్రింద దూరి, గుండుసూది తలంత మచ్చగా కనిపిస్తుంది. రెండవది వేళ్ళ వంటి తంతువులతో పైనుండి అంటుకొని, పసుపు పొడి చల్లినట్లుంటుంది. కాని అది తరచు మొప్పలకే ముందు పడుతుంది; అపుడు ఒంటిమీద ఒక్క మచ్చయినా లేకుండానే చేప చచ్చిపోతుంది. కంటిని మాత్రమే నమ్మినవాడు ఇక్కడ ఓడిపోతాడు. బ్రతికి ఉన్న చేప మొప్ప చివరనుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూస్తే తేడా తెలుస్తుంది. శైలికాజీవి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. కశాభజీవి కదలక బేరిపండు ఆకారంలో అంటుకొని ఉంటుంది. చచ్చి చాలాసేపైన చేప ఈ పరీక్షకు పనికిరాదు. పైనుండే పరాన్నజీవులు చాలావరకు అప్పటికే దానిని వదలిపోయి ఉంటవి.

ఈ రెండింటి జీవితచక్రంలోనూ ఒక పోలిక ఉన్నది. కొద్ది రోజులు చేపమీద బలిసి, తరువాత అవి చేపను వదలి, అడుగున కోశం కట్టుకొని, లోపల విభజన చెందుతవి. అమైలుడినియం కోశం ఒక్కటే 256 పిల్లలను విడువగలదు. ఈదే ఆ పిల్లలు మరల చేపను వెతుక్కొంటవి. అందుచేత మచ్చలు మాయమైనంత మాత్రాన వ్యాధి నయమైనదనుకోరాదు. మచ్చలు పోయిన రోజున పరాన్నజీవి చావలేదు, చోటు మారినది. ఆ రోజు తొట్టెలో ఏ ఆకు వేసినా, ఏ పొడి వేసినా, ఘనత దానికే దక్కుతుంది. వారం పదిరోజులకు వ్యాధి రెట్టింపై తిరిగివస్తుంది. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదని విద్యార్థులకు చెప్పటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

చికిత్స కూడా ఈ చక్రం ననుసరించే ఉండవలెను. శాన్ ఫ్రాన్సిస్కో స్టైన్‌హార్ట్ మత్స్యశాలలో పనిచేసిన డెంప్‌స్టర్ ఈ కశాభజీవుల మీద మైలుతుత్తం వాడకాన్ని 1955లో ప్రకటించినారు. రాగి చంపేది ఈదే పిల్లలను; కోశంలో ఉన్నవాటిని అది చంపజాలదు. కనుక లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగిని రెండు వారాలకు తగ్గకుండా, రోజూ కొలుస్తూ, నిలుపవలెను. తగ్గితే పరాన్నజీవి బ్రతుకుతుంది. పెరిగితే చేప చస్తుంది. సున్నపు ఇసుక రాగిని పీల్చుకొంటుంది. పగడాలు, నత్తలు, రొయ్యలు రాగికి చస్తవి. అందుచేత చికిత్సకు వేరే తొట్టె కావలెను. లీటరుకు 35 గ్రాములుండే ఉప్పును సగానికి తగ్గిస్తే తెల్లమచ్చల జీవి సాధారణంగా లొంగుతుంది, లొంగని రకాలు కూడా కనబడినవి. మఖమలు జబ్బు జీవికి ఆ మార్పు లెక్కలేదు. ఒకదానికి పనిచేసేది రెండవదానికి పనిచేయదు కనుకనే నిదానం ముందు కావలెను.

గ్రంథంలో లోపాలు లేకపోలేదు. ఇది పశువైద్యులకు వ్రాసినది. సూక్ష్మదర్శినీ, దానిని వాడే అలవాటూ ఉన్నవనుకొని సాగుతుంది. మందుల చట్టాల ప్రస్తావన అమెరికాకు చెందినది. మన పాఠకుడు దానిని అట్లే తీసుకోరాదు. 2010 తరువాతి పరిశోధన సహజంగానే ఇందులో లేదు. అన్నిటికంటె పెద్ద ప్రమాదం పాఠకునిలోనే ఉన్నది: చివరనున్న ఔషధ ప్రకరణం మాత్రం తెరచి, మోతాదు చూచుకొని, మిగిలినది మూసివేయటం. ఆ విధంగా చదివితే ఈ గ్రంథం చెప్పినదానికి పూర్తిగా విరుద్ధంగా నడచినట్లే.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఇందులో మోతాదుల పట్టికలకంటె పద్ధతే ముఖ్యం. బజారులో కొన్న తాజా చేప మొప్పనుండి ఒక తంతువును తీసి, ఉప్పునీటి చుక్కలో ఉంచి, పాఠశాల సూక్ష్మదర్శినితో పిల్లలకు చూపవచ్చును. ఆరోగ్యమైన మొప్ప ఎట్లుంటుందో ఎరిగినవాడే జబ్బుపడిన మొప్పను గుర్తించగలడు. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల ఉప్పునీటి చేపలకు పిల్లలను పుట్టించి పెంచుతున్న ఈ రోజులలో, ఇట్టి చూపు అలవడిన విద్యార్థులు దేశానికి అవసరం. నీటిని కొలిచి, చేపను పరీక్షించి, శత్రువును పేరుపెట్టి పిలిచిన తరువాతనే సీసా మూత తీయవలెనని నేర్పినందుకు ఈ గ్రంథం చదువదగినది.