చెక్క కదిలితే సిమెంటు ఏం చేయాలి?

చెక్క ఫ్రేముతో కట్టిన ఇంటికి బయట సిమెంటు పూత పూసి, అది బీటలు వారితే తాపీమేస్త్రీని తిట్టడం ఏ దేశంలోనైనా ఉన్నదే. కానీ జరగాల్సిన నష్టం చాలాసార్లు అతను తాపీ పట్టకముందే, నక్షా గీసిన బల్ల మీదే జరిగిపోయి ఉంటుంది.

చెక్క ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. నార పొడవునా ఆ కుదింపు లెక్కలోకి రానంత తక్కువ. నారకు అడ్డంగా మాత్రం తేమ ఒక్క శాతం తగ్గితే కొలత సుమారు పావు శాతం తగ్గుతుంది. అమెరికాలో ఆరబెట్టిన కలపగా అమ్మేదానిలో తేమ 19 శాతం దాకా ఉండొచ్చు. ఇంట్లో జనం కాపురముంటూ ఉండగా అది 9కి దిగిందనుకుందాం. 235 మిల్లీమీటర్ల లోతున్న నేల దూలం దాదాపు 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. దాని కిందా పైనా పడుకోబెట్టిన 38 మిల్లీమీటర్ల పట్టెలు మూడు కలిసి ఇంకో మూడు తగ్గుతాయి. నిలువు గుంజల ఎత్తు మారదు. కుదింపంతా రెండు అంతస్తులు కలిసే ఆ జానెడున్నర పట్టీలోనే, 9 మిల్లీమీటర్ల మేర, జరుగుతుంది. దాని మీదుగా పైనుంచి కిందిదాకా ఏకబిగిన పూసిన సిమెంటుకు అంత ఒదిగే గుణం లేదు. అది అక్కడ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

దీనికి కాలిఫోర్నియా ఒక జవాబు చెప్పింది, స్కాట్లాండ్ ఇంకొకటి.

కాలిఫోర్నియాలో స్టకో అనే సిమెంటు పూత చెక్కను వదలదు. చెక్క పలకల మీద రెండు పొరల తారు కాగితం, దాని మీద ఇనుప జాలీ, ఆపైన మూడు పూతలు. అన్నీ కలిపి 22 మిల్లీమీటర్ల మందం. కాగితం రెండు పొరలు ఎందుకంటే బయటిది సిమెంటుకు అంటుకుని ముడతపడుతుంది, లోపలిది విడిగా నిలుస్తుంది. పూతలో నుంచి లోపలికి వచ్చిన నీరు ఆ రెంటి మధ్య కిందికి జారి, గోడ అడుగున ఉండే చిల్లుల రేకు గుండా బయటపడుతుంది. అంటే ఈ పద్ధతి పగుళ్లు వస్తాయనే ముందుగా ఒప్పుకుంది. ఎక్కడ రావాలో కూడా అదే నిర్ణయిస్తుంది: ఏ గోడ భాగమూ 144 చదరపు అడుగులు మించకూడదు, ఏ వైపూ 18 అడుగులు దాటకూడదు, పొడవు వెడల్పుకు రెండున్నర రెట్ల కంటే ఎక్కువ ఉండకూడదు. ఆ హద్దుల దగ్గర జాయింటు పెట్టాలి. జాయింటు కింద జాలీని కూడా కోసేయాలి. జాలీ అఖండంగా సాగిపోతూ పైన మాత్రం గీత కనిపిస్తే అది జాయింటు కాదు, అలంకారం.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న పద్ధతి వీధిలో ఎందుకు ఓడిపోతుంది? కొనేవాళ్లకు స్పానిష్ మఠాల నునుపైన తెల్లగోడ కావాలి, మధ్యలో గీతలు కనపడకూడదు. బిల్డరు జాయింట్లు మానేస్తాడు. గోడ తన జాయింటును తానే గీసుకుంటుంది, ఎక్కువగా కిటికీ మూలల నుంచి ఏటవాలుగా. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వైపు ఇల్లు కొన్న తెలుగువాళ్ల చేతికొచ్చే తనిఖీ నివేదికల్లో ఆ వెంట్రుకవాసి గీతల ప్రస్తావన మామూలే. వాటిలో చాలావాటికి భయపడనక్కర్లేదు. అంతస్తు మట్టంలో అడ్డంగా సాగే గీత మాత్రం వేరే జాతి. ఎండలో కుదించుకుపోయిన సిమెంటు చేసే పని కాదది, కిందికి దిగుతున్న చెక్క చేసే పని.

స్కాట్లాండ్‌లో కొత్త ఇళ్లలో అత్యధికం చెక్క ఫ్రేములే అయినా, వీధిలోంచి చూస్తే ఆ సంగతి తెలియదు. చెక్క గోడకు బయట 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, కాంక్రీటు బ్లాకులతో వేరే గోడ లేపి, దాని మీద గులకరాళ్లు కలిపిన గరుకు పూత వేస్తారు. పూతకు చెక్కతో సంబంధమే లేదు. రెండు గోడలనూ పట్టి ఉంచేవి కాస్త వంగగల స్టీలు బందాలు మాత్రమే. ఆ గరుకుతనంలో సన్నని పగుళ్లు కంటికి ఆనవు, వాన నీరు కూడా ఒకే ధారగా పారదు. వాన దేశానికి ఇది తెలివైన పూత, అందం మాట ఎలా ఉన్నా.

అయితే కదలిక పోలేదు, చోటు మారింది. లోపలి ఫ్రేము దిగుతుంది, బయటి బ్లాకు గోడ దిగదు. కిటికీ చెక్కకు బిగించి ఉంటుంది కాబట్టి దాని గడప బ్లాకుల మీదికి వస్తుంది. అందుకే గడపల కింద, చూరు కింద ఖాళీ వదలాలి. దిగుబాటు పోగుపడుతుంది కనుక పై అంతస్తుకు పోయేకొద్దీ ఆ ఖాళీ పెరగాలి. ఇక్కడే నాకు ఈ పద్ధతి మీద అనుమానం. కాలిఫోర్నియా మేస్త్రీ జాయింటు మానేస్తే అందరికీ కనపడుతుంది. స్కాట్లాండ్ మేస్త్రీ గడప కింది ఖాళీని చక్కగా, శ్రద్ధగా సిమెంటుతో నింపేస్తే అది మంచి పనితనంలా కనపడుతుంది. పైగా బ్లాకు గోడ కూడా తనంతట తాను కుదించుకుంటుంది. ఆరు మీటర్లకొక నిలువు జాయింటు దానికీ తప్పదు.

ఈ రెంటినీ న్యూజిలాండ్ పక్కన పెడితే వాటి విలువ తెలుస్తుంది. 1990లలో అక్కడ పూత పెట్టిన నునుపైన గోడలు ఫ్యాషనయ్యాయి. పలకల్ని నేరుగా చెక్కకు కొట్టి, అతుకులు కప్పేసి, పైన రంగు. చూరు లేని డాబాల వాలకం. వెనక నీరు దిగే దారి లేదు, ఆరే గాలి లేదు. అతుకు పగిలితే లోపలికి వెళ్లిన నీరు అక్కడే ఉండిపోయింది. పైపెచ్చు మందు పట్టించని పైన్ కలప వాడకానికి అదే దశాబ్దంలో అనుమతి దొరికింది. 2009లో ప్రభుత్వం కోసం వేసిన అంచనాలో దెబ్బతిన్న ఇళ్లు సుమారు 42 వేలు, నష్టం 1,130 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. పగలని పూత ఉంటుందనే నమ్మకానికి పడిన ఖరీదది. 2004లో వచ్చిన భవన నిర్మాణ చట్టం తర్వాత, ప్రమాదం ఎక్కువున్న గోడలకు పూత వెనక 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచే పద్ధతి వచ్చింది.

మన దగ్గర చెక్క ఫ్రేము ఇళ్లు అరుదు కానీ, జబ్బు కొత్తది కాదు. కాంక్రీటు బీము కింద ఇటుక గోడ కలిసే చోట వచ్చే అడ్డగీత విజయవాడ అపార్ట్‌మెంట్లలోనూ హైదరాబాద్ విల్లాల్లోనూ ఉన్నదే. రెండు వేరువేరు పదార్థాలు, ఒకే పూత. మనవాళ్లు అక్కడ చికెన్ మెష్ కొడతారు. మెష్ ఒక్క పెద్ద పగులును పది సన్నగీతలుగా పంచుతుంది, కదలికను ఆపదు. సిమెంటు పాలు పెంచితే గట్టిపడుతుందనే మన నమ్మకమూ ఇక్కడ చేటే. సిమెంటు ఎక్కువైన పూత ఎక్కువ కుదించుకుంటుంది, తక్కువ ఒదుగుతుంది.

రెంటిలో ఒకటి ఎంచుకోమంటే పొడి ఊళ్లో కాలిఫోర్నియా పద్ధతే మేలంటాను, జాయింట్లు దాచకుండా పెడితే. వాన కుమ్మేచోట పూత వెనక ఖాళీ ఉండి తీరాలి, అందుకు బరువైన బ్లాకు గోడే కావాలని లేదు. నిలువు పట్టీల మీద సిమెంటు పలకలు బిగించి, పూత పై భాగంలో ఫైబర్ మెష్ ఇమిడ్చి, కిటికీ మూలలకు అదనంగా ఏటవాలు ముక్కలు వేస్తే చాలు. పలకల అతుకు కిటికీ అంచు వరసలో పడకూడదు. అంతస్తు మట్టంలో మాత్రం పలకలనూ పట్టీలనూ తెంచి, మధ్య ఖాళీ వదిలి, పైన రేకు కప్పాలి. వెనక ఎంత ఖాళీ ఉన్నా, ఆ 9 మిల్లీమీటర్లకు వేరే చోటు లేదు.