ఆ పిల్ల చేతికి బాంబెవరిచ్చారు?

అస్తిత్వం గురించి మాట్లాడే పుస్తకంలో కార్టూన్ల గొడవేంటని కొందరు మిత్రులు విసుక్కోవచ్చు. పిల్లలు పాఠ్యపుస్తకంలో చదివింది పరీక్షతో మర్చిపోతారు. తెర మీద ఏళ్ల తరబడి చూసింది మర్చిపోరు. ఎవరు మనవాళ్లు, ఎవరి మాట నమ్మాలి, ఎవరిని చూస్తే జాగ్రత్తపడాలి అన్న పాఠాలు వాళ్లకి అక్కడే అందుతున్నాయి. అందుకే 'స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్' అనే యానిమేషన్ సీరియల్ గురించీ, అందులో బారిస్ ఆఫీ అనే ఒక చిన్న పాత్ర గురించీ ఇక్కడ మాట్లాడదల్చుకున్నాం.

ముందు కథేంటో చెప్పుకుందాం. జార్జ్ లూకస్ 1977లో మొదలుపెట్టిన అంతరిక్ష గాథలో ఇదొక భాగం. 2008 ఆగస్టులో సినిమాగా వచ్చి, అదే ఏడాది అక్టోబరు నుంచి కార్టూన్ నెట్‌వర్క్‌లో సీరియల్‌గా సాగింది. దీనికి పర్యవేక్షక దర్శకుడు డేవ్ ఫిలోనీ. 2013 మార్చి దాకా ఐదు సీజన్లు, 2014లో ఆరోది, 2020లో ఏడోది, అన్నీ కలిపి 133 ఎపిసోడ్లు. కథంతా ఒక యుద్ధం. ఒకవైపు రిపబ్లిక్, ఇంకోవైపు విడిపోతామంటున్న వేర్పాటువాదులు. రిపబ్లిక్ సైన్యమంతా ఒకే మనిషి నుంచి పుట్టించిన క్లోన్ సిపాయిలు. వాళ్లకి సేనానులు జెడైలు. నిన్నటిదాకా శాంతిని కాపాడే దర్వేషుల్లా బతికినవాళ్లు యుద్ధం రాగానే జనరల్స్ అయిపోయారు. రెండు పక్షాల్నీ తెర వెనక నుంచి ఆడిస్తున్నది మాత్రం ఒక్కడే, ఛాన్సలర్ పాల్పటీన్. ఈ సంగతి చూసేవాళ్లకి తెలుసు. జెడైలకి తెలీదు.

ఈ యుద్ధం చివర ఏమవుతుందో 2005లో వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ద సిత్' సినిమా ముందే చెప్పేసింది. క్లోన్లు తమ జనరల్స్‌నే కాల్చి చంపుతారు. రిపబ్లిక్ సామ్రాజ్యంగా మారుతుంది. కాబట్టి ఈ సీరియల్ రాసినవాళ్లకి ముగింపుని మార్చే హక్కు లేదు. అక్కడిదాకా ఎలా వచ్చారో చెప్పడమే వాళ్ల పని. ఇలాంటి కథకి కొనసాగింపే ప్రాణం. కథ తన నిన్నటిని గుర్తుపెట్టుకోవాలి. మా ప్రశ్నంతా అక్కడే ఉంది. ఈ కథ ఎవరి నిన్నటిని గుర్తుపెట్టుకుంది? ఎవరి నిన్నటిని గాలికొదిలేసింది?

క్లోన్ల సంగతి చూడండి. మొదటి సీజన్‌లో 'రూకీస్' అనే ఎపిసోడ్ ఉంది. ఒక మారుమూల స్థావరంలో కొత్తగా చేరిన సిపాయిల కథ. అందులో హెవీ అనేవాడు దూరం నుంచి పేల్చే మీట పనిచేయకపోతే, తానే అక్కడ ఉండిపోయి స్థావరాన్ని పేల్చేసి చచ్చిపోతాడు. ఫైవ్స్, ఎకో అనే ఇద్దరు మిగులుతారు. ఇంకొకరైతే ఇక్కడితో వదిలేసేవాళ్లు. వీళ్లు వదల్లేదు. రెండేళ్ల తర్వాత, 2010లో, కథని వెనక్కి తిప్పి ఆ కుర్రాళ్ల శిక్షణ రోజుల్ని చూపించారు. ఫైవ్స్‌ని నాలుగో సీజన్‌లో ఉంబారా యుద్ధంలో నిలబెట్టారు. అక్కడ జెడై జనరల్ ఒకడు తన సిపాయిల్ని తన సిపాయిల చేతే చంపిస్తాడు. ఆదేశానికి తలొంచాలా, మనసాక్షికి తలొంచాలా అన్న ప్రశ్న ఫైవ్స్‌ని అక్కడ పట్టుకుంటుంది. చచ్చిపోయాడనుకున్న ఎకోని 2020లో మళ్లీ బతికించి తీసుకొచ్చారు. ఒకే మొహం ఉన్న లక్షలమందిలో ఒక్కొక్కడికీ ఒక పేరు, ఒక గతం, ఒక కిర్దార్ ఇచ్చారు. ఇది గొప్ప పని. మేం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం.

ఇలా మెచ్చుకునేలా చేశాక వాళ్లకో చిక్కొచ్చింది. ఇంత మంచి సిపాయిలు రేపు తమ జనరల్స్‌ని ఎలా చంపుతారు? చూసేవాళ్లు నమ్మరు. అందుకని 2014లో నాలుగు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి జవాబు తయారుచేశారు. పుట్టకముందే ప్రతి క్లోన్ మెదడులో ఒక చిప్ పెట్టారట. ఆదేశం రాగానే అది మనిషిని లొంగదీసుకుంటుందట. ఆ నిజం కనిపెట్టిన ఫైవ్స్‌ని పిచ్చివాడిగా లెక్కగట్టి కాల్చేస్తారు. చంపిన చేయి క్లోన్‌దే కానీ నేరం క్లోన్‌ది కాదని కథ ముందుగానే గవాహీ ఇచ్చింది. వెంట్రస్ అనే హంతకురాలికి కూడా ఈ న్యాయం అందింది. చిన్నప్పుడు బానిసగా పోయిందనీ, కాపాడిన గురువు కళ్లముందే చచ్చిపోయాడనీ 2011లో చూపించారు.

ఇక బారిస్ దగ్గరికొద్దాం. ఆకుపచ్చ ఛాయ, మొహం మీద పచ్చబొట్లు, తల చుట్టూ బిగించిన గుడ్డ, దాని మీద ముసుగు. మితభాషి, క్రమశిక్షణ, గురుభక్తి. ఆమె ముస్లిం అని కథలో ఎవరూ అనలేదు. మేమూ అనడం లేదు. ఆమెది వేరే గ్రహం, వేరే జాతి. కానీ తలకి గుడ్డ చుట్టుకుని, తలొంచుకుని మాట్లాడే ఒక భక్తురాలైన యువతి బొమ్మ తెర మీద కనిపిస్తే ఈ కాలంలో చూసేవాడి మనసు ఎటు పోతుందో గీసినవాళ్లకి తెలియదంటే నమ్మడం కష్టం.

2004లో మైకేల్ రీవ్స్, స్టీవ్ పెర్రీ రాసిన 'మెడ్‌స్టార్' నవలల్లో బారిస్ వైద్యురాలు. యుద్ధరంగం పక్కన ఆస్పత్రిలో గాయాలకి కట్లు కట్టే పిల్ల. సీరియల్ రెండో సీజన్‌లో, 2009లో, ఆమె అసోకా అనే ఇంకో శిష్యురాలితో కలిసి శత్రువుల ఆయుధ కర్మాగారాన్ని పేల్చేస్తుంది. ఇద్దరూ శిథిలాల కింద చిక్కుకుంటారు. పైన ఇద్దరు గురువులు. అసోకా గురువు ఆనకిన్ రాళ్లు తవ్వుతాననీ, నా పిల్లని వదలననీ అంటాడు. బారిస్ గురువు లుమినారా మాత్రం పోతే పోయిందని ఒప్పుకోవడానికి సిద్ధపడుతుంది. మమకారం జెడైకి తగదు కదా. ఆ తర్వాత ఒక పురుగు బారిస్ మెదడులో దూరితే, నన్ను చంపేయమని ఆమె స్నేహితురాలిని వేడుకుంటుంది. అసోకా చంపదు, కాపాడుతుంది.

ఎంత విత్తనం పడిందో చూడండి. నిన్ను పోగొట్టుకోవడానికి నీ గురువే తయారుగా ఉందని తెలిసిన పిల్ల. వైద్యం నేర్చుకుని విధ్వంసానికి పంపబడిన పిల్ల. ఇందులోంచి ఎంత కథ తియ్యొచ్చు! తీయలేదు. ఆ తర్వాత మూడేళ్లపాటు బారిస్ మనసులో ఏం జరిగిందో చెప్పిన ఎపిసోడ్ ఒక్కటీ లేదు. ఐదో సీజన్ చివర, 2013 ఫిబ్రవరిలో, జెడై మందిరంలో బాంబు పేలుతుంది. ఒక కూలీ శరీరమే బాంబు. భార్య అతని తిండిలో పేలుడు కణాలు కలిపి పెట్టిందంటారు. ఆ నేరం అసోకా మీదకొస్తుంది. నాలుగో ఎపిసోడ్‌లో అసలు దోషి బయటపడుతుంది. బారిస్.

కోర్టులో ఆమె చెప్పిన మాటలు గుర్తుపెట్టుకోవాలి. ఈ యుద్ధానికి జెడైలే బాధ్యులనీ, మనం దారితప్పామనీ, ఎవరితో పోరాడుతున్నామో వాళ్లలాగే అయిపోయామనీ, ఈ రిపబ్లిక్ కూలిపోతోందనీ అంటుంది. ఇందులో అబద్ధం ఏముంది? చూసేవాళ్లందరికీ ఇది నిజమని తెలుసు. 133 ఎపిసోడ్లలో ఇంత నిజాన్ని ఇంత సూటిగా, అందరి ముందూ చెప్పిన పాత్రలు అరుదు. ఆ నిజాన్ని చెప్పించడానికి కథకులు ఎన్నుకున్న నోరు ఎవరిది? చేతికి బాంబు అంటించిన ముసుగు పిల్లది. మాటకి జవాబు చెప్పలేనప్పుడు మనిషిని నేరస్తుణ్ణి చేస్తే చాలు. జవాబు చెప్పే అవసరమే ఉండదు. ఆమె మాట పూర్తికాగానే కాపలావాళ్లు తీసుకెళ్లిపోతారు. ఎవరూ ఆ మాట గురించి మళ్లీ ఎత్తరు.

ఆమెని పట్టుకుని కోర్టుకి ఈడ్చుకొచ్చింది ఆనకిన్. ఇతనెవరు? 2002లో వచ్చిన 'అటాక్ ఆఫ్ ద క్లోన్స్' సినిమాలో తల్లిని చంపారన్న కోపంతో టస్కెన్ల ఊరు ఊరంతా నరికినవాడు. ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా నరికానని తన నోటితోనే చెప్పాడు. టస్కెన్లంటే మొహాలకి గుడ్డలు చుట్టుకుని ఎడారిలో తిరిగే సంచారులు. వాళ్లుండే గ్రహానికి టాటూయిన్ అని పేరు పెట్టింది ట్యునీషియాలోని ఒక ఊరి పేరు చూసి. ఆ ఎడారి దృశ్యాలు తీసింది కూడా ట్యునీషియాలోనే. ఆ నరమేధం గురించి ఆనకిన్ చెప్పుకున్నది పద్మేతో. ఆ రోజు కోర్టులో అసోకా తరఫున వాదిస్తున్నది ఆ పద్మేనే. తెలిసినవాళ్లిద్దరూ అదే గదిలో ఉన్నారు. ఒక్క విచారణ లేదు, ఒక్క ప్రశ్న లేదు. కొనసాగింపు గురించి అంత పట్టింపున్న కథకులకి ఇది గుర్తుకు రాలేదా?

అదే ఐదో సీజన్ మొదట్లో ఒండెరాన్ అనే గ్రహం కథ ఉంది. ఆక్రమించుకున్నవాళ్ల మీద తిరగబడుతున్న కుర్రాళ్లకి జెడైలే ఆయుధ శిక్షణ ఇస్తారు. ఇది ఉగ్రవాదానికి నీళ్లు పోయడం కాదా అని వాళ్లలో వాళ్లకే చర్చ నడుస్తుంది. ఆ కుర్రాళ్లు రాజధానిలో విద్యుత్ కేంద్రాన్ని పేల్చేస్తారు. సంగీతం వీరగీతంలా మోగుతుంది. పేలుడు ఒకటే. ఎవరి వైపు పేలిందన్న దాన్నిబట్టి పేరు మారుతుంది. ఒండెరాన్‌కి చర్చ ఉంది, కారణం ఉంది, శవం మీద కన్నీరుంది. బారిస్‌కి ఒక ఒప్పుకోలు ప్రసంగం ఉంది, అంతే.

సెక్యులర్ మిత్రులొకరు అనొచ్చు. బారిస్ చంపింది అమాయకుల్ని కదా, సమర్థిస్తారా అని. సమర్థించం. ఆ మందిరంలో చచ్చిన కూలీలు మావాళ్లే. తప్పుడు నేరం స్నేహితురాలి మీదకి తోయడం ఇంకా నీచం. నేరస్తురాలిగా చూపించడం మీద మాకు ఫిర్యాదు లేదు. నేరస్తురాలు ఎలా అయిందో చెప్పకపోవడం మీదే ఉంది. మొదట్నించీ ఆమె అంతే అన్నట్టు, ముసుగు తీస్తే లోపల అదే ఉంటుందన్నట్టు, ఆఖరి నిమిషంలో తెర తీసి చూపించారు. దాన్ని మలుపు అంటారు. మాకు ఆ మలుపు చాలా పాతది. తెలుగు సినిమాలో హీరో కోసం ప్రాణమిచ్చే దోస్తు, లేకపోతే టోపీ పెట్టుకుని బాంబు పెట్టేవాడు, ఈ రెంటి మధ్య మావాడికి చోటు ఎంత ఉందో మీకు తెలుసు.

నిజానికి బారిస్ చేరిన నిర్ణయానికే అసోకా కూడా చేరింది. చేయని నేరానికి అసోకాని మండలి వెలివేసింది. నిర్దోషి అని తేలాక వెనక్కి పిలిచి, ఇదంతా నీకు పెట్టిన పరీక్ష అనుకొమ్మంది. క్షమాపణ కన్నా ఆ మాట బరువైంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ నుంచి పోలీసులు ఎత్తుకెళ్లిన కుర్రాళ్లని గుర్తుచేసుకోండి. వాళ్ల మీద పెట్టిన కేసులు తర్వాత కోర్టులో నిలబడలేదు. పోయిన చదువులకీ, పోయిన ఉద్యోగాలకీ, పోయిన పేరుకీ ఏ పరీక్ష పేరు పెడతారు? అసోకా ఆ పిలుపుని కాదని మెట్లు దిగి వెళ్లిపోయే ఘట్టం ఈ సీరియల్‌లో మాకు అన్నిటికన్నా నచ్చింది. అనుమానించిన ఇంట్లో మళ్లీ ఎలా ఉంటాం అని ఒక పిల్ల అడిగింది. ఇది రాయగలిగినవాళ్లు బారిస్‌నీ రాయగలరు. ఒకే సందేహాన్ని రెండు ముక్కలు చేసి, మర్యాదైన సగం నాయికకీ, బాంబున్న సగం ముసుగు పిల్లకీ పంచారు. కినుక అక్కడే.

ఆ తర్వాత బారిస్ మాయమైంది. 2020 సీజన్‌లో కూడా ఆమె ఏమైందో చెప్పలేదు. 2014లో లూకస్‌ఫిల్మ్ పాత నవలలన్నిటినీ అధికారిక కథ నుంచి తీసి 'లెజెండ్స్' గదిలో పెట్టేసింది. దాంతో కట్లు కట్టిన బారిస్ కల్పనైపోయింది, బాంబు పెట్టిన బారిస్ చరిత్రైపోయింది. పదకొండేళ్లకి, 2024 మే 4న, 'టేల్స్ ఆఫ్ ది ఎంపైర్' అనే చిన్న సీరియల్‌లో మూడు ఎపిసోడ్లు ఆమెకిచ్చారు. జైలు నుంచి బయటికి తీసి సామ్రాజ్యం ఆమెని వేటగత్తెని చేస్తుంది. అమాయకుల్ని చంపడం చూసి ఆమె ఎదురుతిరుగుతుంది. ఏళ్ల తర్వాత మంచు కొండల్లో వైద్యురాలిగా కనిపిస్తుంది. తనని వెంటాడుతూ వచ్చిన పాత సహచరి కత్తికి గురైనప్పుడు కూడా ఆమెని క్షమిస్తుంది. సబ్ర్ అంటే ఏంటో తెలిసిన పాత్ర అది. ఆలస్యంగానైనా ఆమె పాత వృత్తి ఆమెకి తిరిగొచ్చినందుకు సంతోషించాం.

అయినా లెక్క తేలలేదు. ఆ మూడు ఎపిసోడ్లూ జైలుగదిలో మొదలవుతాయి. బాంబుకి ముందు ఏం జరిగిందన్న మూడేళ్ల ఖాళీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పశ్చాత్తాపం చూపించారు. కారణం చూపించలేదు. మనల్ని క్షమించడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు, మన మాట వినడానికే ఎవరూ ఉండరు.

కథల కొనసాగింపు మనకి కొత్త విద్య కాదు. నవల్ కిశోర్ ప్రెస్ అచ్చేసిన అమీర్ హంజా దాస్తాన్ 46 సంపుటాలు. అందులో కూడా పరాయివాళ్లంతా జాదూగర్లే. మన పెద్దలు చెప్పిన కథల్లో కూడా ఈ జబ్బుంది. కాబట్టి అమెరికావాళ్లని తిట్టి చేతులు దులుపుకుంటే చాలదు. ఏ కథైనా సరే, ఒకటే కొలత పెట్టుకుందాం. సిపాయి చేతిలో తుపాకీ ఎలా వచ్చిందో చెప్పడానికి నాలుగు ఎపిసోడ్లు దొరికినప్పుడు, ఆ పిల్ల చేతికి బాంబు ఎలా వచ్చిందో చెప్పడానికి ఒక్కటైనా దొరకాలి. ఈ ప్రశ్న ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మన పిల్లలే అడగాలి. అడగడం మనం నేర్పాలి.