‘అసాసిన్’: పద వ్యుత్పత్తి, చారిత్రకాపవాదం

ఆంగ్ల నిఘంటువులు ‘అసాసిన్’ అనే పదానికి సాధారణంగా రెండు అర్థాలు చెబుతాయి. మొదటిది, రాజకీయ కారణాల చేతనో, మత కారణాల చేతనో, ధనాశ చేతనో ఒక ప్రముఖ వ్యక్తిని పొంచి ఉండి చంపేవాడు అని. రెండవది చారిత్రకార్థం: క్రూసేడుల కాలంలో ఇరాన్, సిరియా దేశాల కొండకోటలను ఆశ్రయించి శత్రునాయకులను హతమార్చిన ఒక ముస్లిం శాఖకు చెందినవాడు అని. వీటి వెంట ‘హషీష్ సేవించేవాడు’ అనే అర్థం గల అరబ్బీ పదాన్ని వ్యుత్పత్తిగా ఇస్తాయి. ఈ మూడింటినీ వరుసగా చదివిన పాఠకుని మనస్సులో ఒక కథ తనంతట తానే సిద్ధమవుతుంది: ఆ శాఖవారు మత్తుమందు సేవించి హత్యలు చేసేవారు, అందుచేతనే వారికి ఆ పేరు వచ్చింది. ఇందులో వ్యుత్పత్తి సరియైనదే. దాని నుండి తీసిన చారిత్రక నిర్ణయం మాత్రం ఆధారం లేనిది. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని గుర్తించకపోవడం వలననే ఒక సముదాయం పేరు శతాబ్దాల పాటు అపవాదుకు పర్యాయపదమై నిలిచింది.

ఆ శాఖవారు నిజారీ ఇస్మాయిలీలు. 1094లో ఫాతిమీ ఖలీఫా అల్-ముస్తన్‌సిర్ మరణించిన తరువాత ఏర్పడిన వారసత్వ వివాదంలో ఆయన కుమారుడు నిజార్ పక్షం వహించినవారికి ఈ పేరు వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1090లో, హసన్ సబ్బాహ్ ఉత్తర ఇరాన్‌లోని అలమూత్ కోటను స్వాధీనం చేసుకొని ఉన్నాడు. సెల్జూక్ సామ్రాజ్యపు సేనలను బహిరంగ యుద్ధంలో ఎదుర్కొనే శక్తి వారికి లేదు. అందువలన శత్రుపక్షపు నాయకులను ఒక్కొక్కరినే ఎంచి చంపే పద్ధతిని అవలంబించారు. ఆ పనికి ప్రాణాలొడ్డి పూనుకొన్నవానిని ‘ఫిదాయీ’ అనేవారు. ఆత్మార్పణ చేసేవాడని దాని అర్థం. 1092లో సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ హత్య, 1192లో తూరు నగరంలో క్రూసేడర్ నాయకుడు కాన్రాడ్ హత్య వారికి ఆరోపింపబడిన వాటిలో ముఖ్యమైనవి. ఈ హత్యలను సమర్థించడానికి గాని మరుగుపరచడానికి గాని పూనుకోవడం చరిత్రకు న్యాయం కాదు. అయితే హత్య చేశారన్న సంగతి వేరు, మత్తులో చేశారన్న ఆరోపణ వేరు. రెండవదానికి సాక్ష్యమేమిటన్నదే ఇక్కడ ప్రశ్న.

అరబ్బీలో ‘హషీష్’ అనగా మూలార్థంలో ఎండుగడ్డి. తరువాత గంజాయి మొక్క నుండి తీసే మత్తుపదార్థానికి ఆ పేరు రూఢి అయింది. నిజారీలను ‘హషీషియ్య’ అని పేర్కొన్న తొలి రచనలలో ఒకటి 1123 ప్రాంతంలో ఫాతిమీ ఖలీఫా అల్-ఆమిర్ పేర వెలువడిన ఖండనపత్రం. అనగా ఈ మాటను ఎత్తినవారు కూడా ఇస్మాయిలీలే. వారసత్వ తగాదాలో ఎదుటి పక్షంవారు. ఆ పత్రంలో ఈ పదానికి వివరణ లేదు, మత్తుపదార్థ సేవనాన్ని గురించిన ఆరోపణ కూడా లేదు. తరువాత 13వ శతాబ్దంలో అబూ షామా, ఇబ్ను ముయస్సర్ వంటి చరిత్రకారులు సిరియాలోని నిజారీలకు ఈ పేరు వాడారు. హషీష్ సేవించేవారిని ఆనాటి సమాజం నీతిబాహ్యులుగా, అలగాజనంగా చూసేది. కనుక ఈ పదం తిట్టుగా చెల్లుబాటు కావడానికి ఆ అలవాటు నిజంగా ఉండనక్కరలేదు. తెలుగులోనూ అసంబద్ధంగా మాట్లాడేవానిని ‘గంజాయి తాగి వచ్చావా’ అని అడగడం ఉన్నది. అడిగినవాడు అతని చేతిలో చిలుము చూసి ఆ మాట అనలేదు.

ఇరాన్ చరిత్రకారుల మౌనం ఇక్కడ గమనింపదగినది. 1256లో అలమూత్ మంగోలుల వశమైనప్పుడు హులాగూ వెంట ఉన్న జువైనీ ఆ కోటలోని గ్రంథాలయాన్ని స్వయంగా పరిశీలించాడు. ఖుర్‌ఆన్ ప్రతులను, మరికొన్ని గ్రంథాలను తీసి ఉంచి, మతవిరుద్ధమని తాను భావించిన వాటిని కాల్పించాడు. నిజారీల పట్ల ఆయనకు లేశమైనా సానుభూతి లేదు. వారిని ‘ములాహిదా’, అనగా మతభ్రష్టులు, అని నిందించాడు. అటువంటి బద్ధవిరోధి సైతం హషీష్ ప్రసక్తి తేలేదు. దొరికిన ఏ ఆరోపణనూ వదలని శత్రువు ఈ ఒక్కదానిని మాత్రం దయతలచి విడిచిపెట్టాడని అనుకోవడం కష్టం.

మత్తు కథ పెరిగినది యూరపులోనే. 12వ శతాబ్దంలో తూరు ఆర్చిబిషప్ విలియం ఈ శాఖను వర్ణిస్తూ, వారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో క్రైస్తవులకు గాని ముస్లిములకు గాని తెలియదని రాశాడు. సిరియా తీరంలో వారికి ఇరుగుపొరుగున జీవించినవాడికి తెలియని కారణం దూరదేశాలవారికి క్రమంగా తెలిసిపోయింది! జర్మనీకి చెందిన ఆర్నోల్డ్ ఆఫ్ లూబెక్ మత్తుపానీయాన్ని కథలో చేర్చాడు. 1298లో జెనోవా చెరలో మార్కో పోలో చెప్పగా రాయబడిన యాత్రాగ్రంథంలో అది సంపూర్ణ రూపం పొందింది: కొండల నడుమ రహస్యోద్యానం, మత్తు ఇచ్చి అందులోకి చేర్చబడిన యువకులు, స్వర్గాన్ని తిరిగి పొందాలనే ఆశతో హత్యకు సిద్ధపడడం. మార్కో పోలో ఇరాన్ చేరేసరికి అలమూత్ పతనమై పదిహేనేళ్ళు దాటింది. ఈలోగా ఇటాలియన్‌లో ఈ పదం ఏ శాఖతోనూ సంబంధం లేని కిరాయి హంతకుడనే అర్థం సంతరించుకొంది. దాంతే ‘డివైన్ కామెడీ’లో ఆ అర్థంలోనే కనిపిస్తుంది. ఆంగ్లంలో హత్య అనే అర్థం గల దాని భావనామం షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటికే ప్రవేశించింది.

వ్యుత్పత్తి సమస్యను శాస్త్రీయంగా పరిష్కరించినవాడు ఫ్రెంచి పండితుడు సిల్వెస్త్ర్ ద సాసీ. హసన్ పేరు నుండి ఈ పదం వచ్చిందని, మరొక మూలం నుండి వచ్చిందని అంతకుముందు ఉన్న ఊహలను ఆయన 1809లో పారిస్‌లో చదివిన పత్రంలో త్రోసిపుచ్చి, అరబ్బీ గ్రంథాల ఆధారంతో ‘హషీషీ’ పదాన్ని నిలబెట్టాడు. ఇది స్థిరమైన ఫలితం. కాని ఆయన అక్కడ ఆగలేదు. నాయకులు తమ అనుచరులకు స్వర్గానుభూతి కలిగించడానికి హషీష్‌ను రహస్యంగా వాడి ఉంటారని ఊహించి, మార్కో పోలో కథకు పాండిత్యపు ముద్ర వేశాడు. 1818లో హామర్-పుర్గ్‌స్టాల్ జర్మన్ భాషలో ప్రకటించిన చరిత్ర ఆ ఊహను మరింత వ్యాప్తి చేసింది. ఫ్రెంచి విప్లవానంతరం రహస్యసంఘాలంటే భయపడే కాలపు గ్రంథమది. అందులో నిజారీల కంటె ఆనాటి యూరపు భయాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వాదాల లోపం ఒక్కటే. పేరును సాక్ష్యంగా తీసుకొని కథను నమ్మారు, ఆ కథనే చూపి పేరును వివరించారు. వేషం మార్చి, శత్రువు కొలువులో చేరి, నెలల తరబడి నమ్మకం సంపాదించి అదను కోసం నిరీక్షించే పని మత్తులో ఉన్నవాని వలన అయ్యేది కాదన్న సామాన్య విషయం కూడా వారికి తట్టలేదు.

1967లో బెర్నార్డ్ లూయిస్ తన గ్రంథంలో ఈ విషయాన్ని సరిగానే గుర్తించాడు: కథ వలన పేరు రాలేదు, పేరు వలననే కథ పుట్టి ఉంటుందన్నది ఆయన అభిప్రాయం. కాని గ్రంథానికి పెట్టిన పేరు ‘ది అసాసిన్స్’! లోపల ఖండించిన మాటనే అట్టమీద పెట్టడం పాండిత్యానికి శోభ కాదు. 1955లో హాడ్జ్‌సన్ రచించిన అమూల్య గ్రంథానికీ శీర్షికలో ఇదే దోషం తగిలింది. 1994లో ఫర్హాద్ దఫ్తరీ ఈ కట్టుకథల పుట్టుకనే ప్రత్యేకంగా పరిశోధించి, వాటికి చారిత్రకాధారం లేదని విపులంగా నిరూపించాడు.

అపవాదును తొలగించే ఉత్సాహంలో మరొక పొరపాటు జరుగుతున్నది. ఈ పదం ‘హషీష్’ నుండి కాక, పునాది అనే అర్థం గల ‘అసాస్’ నుండి వచ్చిందని, మూలసూత్రాలకు కట్టుబడినవారని దాని భావమని కొందరు వాదిస్తారు. వినసొంపుగా ఉన్నా, మధ్యయుగపు అరబ్బీ గ్రంథాలలో కనిపించే ‘హషీషియ్య’ రూపం ముందు ఈ వాదం నిలవదు. నిందకు ఋజువు అడిగినవారు ప్రశంసకూ ఋజువు చూపవలసి ఉంటుంది. పైగా ఈ శ్రమ అనవసరం: తిట్టుపేరు తిట్టుపేరేనని ఒప్పుకొన్నంత మాత్రాన తిట్టు నిజమైపోదు.

ఇది గతించిన జాతిని గురించిన చర్చ కాదు. 1866లో బొంబాయి హైకోర్టు ఖోజాల వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు ఆగాఖానును అలమూత్ ప్రభువుల వంశీయుడైన ఇస్మాయిలీ ఇమాముగా గుర్తించింది. ఆ ఇమాముల అనుయాయులు నేటికీ భారతదేశంలోను, అనేక ఇతర దేశాలలోను వర్తకులుగా, వైద్యులుగా, ఉపాధ్యాయులుగా జీవిస్తున్నారు. వారి పిల్లలు పాఠశాలలో ఆంగ్ల నిఘంటువు తెరచినప్పుడు తమ పూర్వుల పేరు అందులో ఏ విధంగా కనిపిస్తుందో ఆలోచించాలి. పదాన్ని భాష నుండి తొలగించడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ‘హషీషీ’ అన్నది ప్రత్యర్థులు పెట్టిన నిందానామమని వ్యుత్పత్తి ప్రక్కన ఒక్క వాక్యం చేర్చితే చాలును. చరిత్రగ్రంథాలలో ఆ సముదాయాన్ని నిజారీ ఇస్మాయిలీలన్న పేరుతోనే వ్యవహరించడం ఉచితం.